మూడో పురి

నూకరత్నానికి రేపు సాయంత్రం ఆరింటి దాకానే గడువు. ఆలోగా ఏం చదవాలో తేల్చుకోవాలి.

ఎంసెట్‌లో ఆ పిల్లకి పద్నాలుగు వేల చిల్లర ర్యాంకు వచ్చింది. మరీ గొప్పదీ కాదు, తీసిపారేసేదీ కాదు. అసలు చిక్కంతా అలాంటి ర్యాంకుతోనే. గొప్ప ర్యాంకు వచ్చినవాళ్లకి అడిగింది దొరుకుతుంది. అసలు రానివాళ్లు దొరికింది తీసుకుంటారు. ఎంచుకోవలసిన అవస్థ మధ్యలో ఉన్నవాళ్లది.

రత్నానికి కావలసింది మాత్రం ఒకటే. అంతరిక్షంలోకి వెళ్లే వాహనాల దగ్గర పనిచెయ్యాలి. తొమ్మిదో తరగతి నుంచీ అందులో సందేహం లేదు. దారే తెలియడం లేదు. ఏరోస్పేస్ తీసుకో అన్నారు ఒక మాస్టారు. ఎలక్ట్రానిక్స్ లేకపోతే ఉపగ్రహం ఉత్త డబ్బా అన్నారు ఇంకో మాస్టారు. మెకానికల్ అయితే ఎటైనా పోవచ్చంది పక్కింటి అక్క. నాన్న పోతురాజు కంప్యూటర్ సైన్స్ అన్నాడు, ఊళ్లో అందరూ అదే అంటున్నారు కాబట్టి.

ఆ పిల్ల వెబ్ ఆప్షన్లు యాభై రెండు పెట్టింది. పేరులో ఏరో అనో స్పేస్ అనో కనబడితే చాలు, పైకి లాగింది. మెటలర్జీని అన్నిటికంటే అడుగున పడేసింది. పెట్టాక చూసుకుంటే తన జాబితా మీద తనకే నమ్మకం కలగలేదు. ఇంటిపేరు చూసి పెళ్లికొడుకుని ఖాయం చేసుకున్నట్టుందే అని స్నేహితురాలు నవ్వింది.

అందుకని గురువుగారి దగ్గరికి వెళ్లింది.

మా గోదావరి జిల్లాల్లో గురువుగారు కానివాడు లేడు. ఆటో తోలేవాడూ గురువుగారే, టీ కొట్టువాడూ గురువుగారే, బస్సులో కాస్త పక్కకి జరగమనాలన్నా గురువుగారే. కానీ తాళ్ళరేవు దాటాక, మడ అడవుల అంచున, పాయ ఒడ్డున చెక్క పడవలు కట్టే భైరవస్వామి గారిని ఆ మాటతో పిలిచేటప్పుడు మాత్రం జనం నోట్లో చుట్ట తీసేసి మరీ పిలుస్తారు.

ఆయనకి డెబ్బై దాటాయి. కాగితం మీద గీత గీసి ఎరగరు. తాడు పట్టుకుని కొలుస్తారు, ఒక కన్ను మూసి చూస్తారు, ఆ పడవ ముప్ఫై ఏళ్లు సముద్రం మీద తిరుగుతుంది. మాట చాలా తక్కువ. ఎవరేం అడిగినా జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ అలవాటు వల్ల ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ల కంటే విసుక్కుని పారిపోయినవాళ్లే ఎక్కువ.

రత్నం పారిపోలేదు. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో నాన్నకి క్యారేజీ పట్టుకుని వచ్చింది. పోతురాజు అక్కడ చెక్కలు కోస్తాడు. నాన్న అన్నం తినేలోగా ఈ పిల్ల కడుతున్న పడవ చుట్టూ, చెక్కల సందుల వెంట వేలు రాసుకుంటూ నడిచింది.

"ఏం ఎతుకుతున్నావు?" అన్నారు గురువుగారు.

"ఇక్కణ్ణించి నీళ్లు రావా అండి?"

"వత్తాయి."

"మరెలాగండి?"

ఆయన ఆ పిల్ల దోసిట్లో ఇంత పత్తి పెట్టారు. అప్పట్నించీ సెలవులన్నీ అక్కడే.

చెక్కకీ చెక్కకీ మధ్య సందు ఉండి తీరుతుంది. ఎంత గొప్ప వడ్రంగి కట్టినా ఉంటుంది. ఆ సందులోకి తాడులా పేని నూనెలో తడిపిన పత్తి పురిని ఉలితో, కొయ్య సుత్తితో దట్టించాలి. ఒకటి చాలదు. ఒకదాని మీద ఒకటి, మూడు పురులు. ఆ పైన నూనెలో కాచిన గుగ్గిలం పూయాలి. పూశాక లోపల ఎన్ని పురులున్నాయో దేవుడికి కూడా కనబడదు. పెట్టినవాళ్లకే తెలుస్తుంది.

అందుకే గురువుగారి దగ్గర ఒక కట్టుబాటు ఉంది. పడవ మొదటిసారి నీళ్లలోకి దిగేటప్పుడు, సందులు పూడ్చినవాళ్లు దాని కడుపులో కూర్చోవాలి. పీట వేసుకోకూడదు, గుడ్డ పరుచుకోకూడదు. ఒట్టి కాళ్లతో, చెక్క మీదే. పైన పలకలు మూసేస్తారు. ఇన్నేళ్లూ ఆయనే కూర్చునేవారు.

ఇప్పుడు కడుతున్నది దానయ్య పడవ. ముప్ఫై ఆరు అడుగులది. పరీక్షలు అయిపోగానే వచ్చిన రత్నం, ముందు ముక్కు దగ్గర రంగులు వేస్తానండి, పేరు నేనే రాస్తానండి అని బతిమాలింది. ఒడ్డున ఉన్నవాళ్లందరికీ కనబడేది అదే కదా. గురువుగారు విననట్టే ఊరుకుని, ఎడమ పక్క సందులన్నీ ఆ పిల్లకి అప్పజెప్పారు. రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగింది. తర్వాత పనిలో పడింది.

ఆ పిల్లకి అంతరిక్షం పిచ్చి పట్టింది కూడా ఆ ఒడ్డునే. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర వడ్రంగి చిట్టిబాబు ఫోన్లో ఒక వీడియో పెట్టాడు. ఆకాశంలోంచి దిగిన ఒక గుండ్రటి డబ్బా సముద్రంలో తేలుతోంది. లోపల మనుషులున్నారు. పడవలు దాని చుట్టూ తిరుగుతున్నాయి. అందరూ అది ఎంత పైకి వెళ్లిందో, ఎంత వేగంగా వచ్చిందో మాట్లాడుకున్నారు. గురువుగారు ఒక్కరే మెడ చాచి చాలాసేపు చూసి, "ఆ తలుపు ఎవరు బిగించారో," అన్నారు. అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్వింది.

ఇక ఇప్పటి సంగతి. సాయంత్రం నాలుగింటికి రత్నం ఫోన్ పట్టుకుని ఆయన ముందు నిలబడింది. ఆయన రేపు పడవని దొర్లించడానికి దుంగలు సర్దిస్తున్నారు.

"గురువుగారండి, రేపు ఆరింటికి మూసేస్తారండి. ఏ బ్రాంచి పెట్టుకోవాలో తెలీడం లేదండి. అంతరిక్షానికి దగ్గర దారి ఏదో చెప్పండి."

"బ్రాంచంటే?"

"శాఖండి. చదువులో పాయలు అనుకోండి."

దుంగ మీద కూర్చున్న చిట్టిబాబు అందుకున్నాడు. "ఏ పాయ అయితే ఏంటే? అన్నీ సముద్రంలోకే కదా!"

"పాయలన్నీ పోతాయి," అన్నారు గురువుగారు. "పడవలన్నీ పోవు."

రత్నం ఇంకేమైనా చెబుతారేమో అని ఎదురు చూసింది. ఆయన దుంగ కింద చిన్న రాయి పెట్టి, చేత్తో కదిపి చూసి, అప్పుడు అడిగారు.

"ఈ పడవలో ఎవరెల్తారు?"

"దానయ్య గారిది కదండి."

"దానయ్యకి మోకాళ్ల నొప్పులు. ఒడ్డునే ఉంటాడు. చేపల ఏటకి ఎవరెల్తారు?"

రత్నానికి తెలియదు. రెండు నెలలుగా ఆ పడవ మీద పనిచేస్తోంది. ఎన్ని చెక్కలు ఉన్నాయో, ఎన్ని మేకులు కొట్టారో చెప్పగలదు. ఈ మాట మాత్రం ఎప్పుడూ తోచలేదు.

"రేపు పొద్దున్న పోటుకి రా. కూకోవాలి," అన్నారు గురువుగారు.

"నేనా అండి?"

"ఎడం పక్క ఎవరు పూడ్చారు?"

ఇంటికి వెళ్తున్నంతసేపూ రత్నానికి ఒళ్లు మండిపోయింది. తను అడిగిందేమిటి, ఆయన చెప్పిందేమిటి? బతుకంతా ఏమవుతుందో రేపటితో తేలిపోతుంటే, పడవలో కూర్చోమంటారు! అయినా తెల్లవారుజామున లేచి తలంటు పోసుకుని వెళ్లింది. ఆయన రమ్మన్నప్పుడు వెళ్లకుండా ఉండటం ఆ పిల్లకి చేతకాదు.

పొద్దున్న ఆరున్నరకి పోటు, పాయలోకి సముద్రపు నీళ్లు ఎక్కే వేళ. దానయ్య ముహూర్తం కూడా దానికి సరిగ్గా కుదిరేలా పెట్టించుకున్నాడు. ముక్కుకి పసుపు రాశారు, బంతిపూల దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. డప్పులవాళ్లు వచ్చారు. ఊరు సగం ఒడ్డునే ఉంది. దానయ్య తెల్ల చొక్కా వేసుకుని ఎవరు కనబడితే వాళ్లకి మిఠాయి పెడుతున్నాడు.

రత్నం చెప్పులు విప్పి పడవ కడుపులోకి దిగింది. కుడి పక్క పూడ్చింది గురువుగారే. అయినా ఆయన లోపలికి రాలేదు. "నా పక్క కూడా నువ్వే చూడు," అని పలకలు మూయించారు.

లోపల చీకటి. గుగ్గిలం వాసన. ఎక్కడో సన్నటి గీతలా వెలుతురు. మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది. బయట "హైలెస్సా" అంటున్నారు. దుంగలు దొర్లిన చప్పుడు అడుగుచెక్క గుండా ఒంట్లోకి పాకింది. తర్వాత ఒక్క కుదుపు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. పడవ తేలింది.

రత్నానికి భయం వేసింది. చెయ్యి చాచితే అందేంత దూరంలో, ఒక చెక్క అవతల నీళ్లు. ఆ నీళ్లని ఆపుతున్నది తను పేనిన పత్తి. ఒంటరిగా ఉన్నందుకు కాదు, ఆ సంగతికి భయం వేసింది.

రాత్రంతా బుర్రలో తిరిగిన యాభై రెండు ఆప్షన్లలో ఒక్కటీ అప్పుడు గుర్తుకు రాలేదు. పడవ ముక్కు గుర్తుకు రాలేదు. ఇంజను ఎంత బలమైనదో, ఎంత దూరం పోతుందో గుర్తుకు రాలేదు. చీకట్లో అరిచేతులతో, అరికాళ్లతో సందులన్నీ తడుముకుంటూ వెళ్లింది. కుడి పక్క పొడిగా ఉంది. ఎడమ పక్క కూడా పొడిగానే ఉంది. వెనక వైపు వచ్చేసరికి ఎడమ కాలి బొటనవేలికి తడి తగిలింది.

వేలితో తుడిచింది. మళ్లీ తడి వచ్చింది.

ఎక్కడో తెలియగానే ఎప్పుడో కూడా గుర్తొచ్చింది. ఆ రోజు స్నేహితురాళ్ల గ్రూపులో పోయిన ఏడాది కటాఫ్ ర్యాంకులు పెట్టారు. ఫోన్ మోగింది. ఒళ్లో ఫోన్ పెట్టుకుని, ఒక చేత్తో ర్యాంకులు జరుపుకుంటూ, ఇంకో చేత్తో ఉలి పట్టుకుని పనిచేసింది. రెండు పురులు పెట్టాక పైన గుగ్గిలం పూసేసింది. మూడోది తర్వాత చూద్దాం అనుకుంది. పూశాక చూడటానికేముంటుంది? నల్లగా నున్నగా ఎంతో బాగుంది. రెండు రోజులకి మరిచిపోయింది కూడా.

పైన డప్పులు ఆగాయి. పలకల మీద గురువుగారి అడుగులు వినిపించాయి.

"నీళ్లున్నాయా?"

లేవండి అంటే అయిపోతుంది. వస్తున్నవి చుక్కలే. ఒడ్డున ఊరు సగం ఉంది, నాన్న ఉన్నాడు, మిఠాయి పెట్టిన దానయ్య ఉన్నాడు.

"ఉన్నాయండి."

"ఎక్కడ?"

"ఎడం పక్కండి. కిందనించి మూడో చెక్కకీ నాలుగో చెక్కకీ మధ్య. వెనకనించి రెండో అడ్డకర్ర దాటాక జానెడు."

పలకలు తీశారు. వెలుతురు ఒక్కసారి కళ్లలో పడింది. మోకాళ్లు పట్టుకుంటూ పడవెక్కి వచ్చిన దానయ్య మొహం కనబడింది, వెనకాల చిట్టిబాబు.

"ఎంత వత్తన్నాయి?" అన్నాడు దానయ్య.

"చుక్కలండి."

"ఓసి, దానికేనా! కొత్త పడవన్నాక చెమ్మ రాదేంటి? ఓ పూట నానితే చెక్క ఉబ్బి అదే మూసుకుంటది. ఏమంటారు గురువుగారూ?"

"అవునండి, మూసుకుంటది," అన్నాడు చిట్టిబాబు కూడా. అతను అబద్ధమేమీ చెప్పలేదు. కొత్త పడవల్లో అలా మూసుకునేవి చాలానే ఉంటాయి.

గురువుగారు లోపలికి వంగి రత్నాన్ని అడిగారు. "ఏమంటావు?"

"అది ఉబ్బితే మూసుకునేది కాదండి. అక్కడ రెండు పురులే పెట్టాను."

ఒడ్డున పోతురాజు తల దించుకున్నాడు. దానయ్యకి మాత్రం కోపం నషాళానికంటింది. ముహూర్తం తప్పిందన్నాడు, నలుగురిలో నగుబాటన్నాడు, ఆడపిల్ల చేతికి ఉలి ఇచ్చినప్పుడే అనుకున్నానన్నాడు. అన్నీ అయ్యేదాకా గురువుగారు పాయ వైపు చూస్తూ నిలబడ్డారు.

"పోటు ఉండగానే లాగెయ్యండి," అన్నారు తర్వాత.

ట్రాక్టరు కట్టి పడవని మళ్లీ దుంగల మీదకి లాగారు. డప్పులవాళ్లు డప్పులు సంచుల్లో పెట్టుకుని వెళ్లిపోయారు. గురువుగారు రత్నాన్ని ఒక్క మాట అనలేదు. రెండు తిట్లు తిడితే బాగుండును అనుకుంది ఆ పిల్ల. ఆయన ఉలి తెచ్చి ఆ పిల్ల పక్కన పెట్టి, "సాయంత్రం పోటు ఏడింటికి," అని వెళ్లిపోయారు.

రత్నం ఏడ్చింది. ఎక్కువసేపేం కాదు. కళ్లు తుడుచుకుని పని మొదలుపెట్టింది.

ముందు గుగ్గిలం గోకాలి. తర్వాత పాత పత్తి లాగెయ్యాలి. తడిసిన సందు ఎముకలా ఎండాలి, అందుకు నిప్పుల కుంపటి దగ్గరగా పట్టుకుని కూర్చోవాలి. అప్పటికి గానీ కొత్త పత్తి పట్టదు. నీళ్లు వచ్చింది జానెడు మేర. రత్నం ఫోన్ చూసుకుంటూ ఆ రోజు తను పూడ్చిన పన్నెండు అడుగులూ విప్పింది. అంతా విప్పమని ఎవరూ చెప్పలేదు. విప్పితే ఇంకో చోట కూడా రెండు పురులే కనబడ్డాయి. అక్కడ నీళ్లు రాలేదు. ఇంకా రాలేదు, అంతే.

ఎండ ఎక్కేసరికి పడవలో వేటకి వెళ్లబోయేవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. పడవ దిగుతుందని పని మానుకున్నవాళ్లు, ఊరికే ఇంట్లో ఎందుకని వచ్చారు. ఒక పెద్దాయన ఆ పిల్ల చేతిలోంచి కుంపటి అందుకుని సందు దగ్గర పట్టుకున్నాడు.

"మీ పేరేంటండి?" అంది రత్నం.

"అప్పన్నంటారమ్మా. ఏం?"

"ఊరికేనండి. మీరు ఎంతమంది ఎల్తారు?"

"ఆరుగురం."

మిగిలిన అయిదు పేర్లూ అడిగింది. అప్పన్న తమ్ముడు ధర్మారావు. అల్లుడు కొండబాబు. ఏసుదాసు. నాగూరు. అందరికంటే చిన్నవాడు పేర్రాజు, వాడికి పోయిన నెలలోనే కూతురు పుట్టింది.

"పాపా, ఆ మూడోది కాస్త గట్టిగా కొట్టు. నాకు ఈత రాదు," అన్నాడు పేర్రాజు.

అందరూ పెద్దగా నవ్వారు. రత్నం కూడా నవ్వబోయింది.

"నిజంగానే రాదమ్మా ఈడికి," అన్నాడు అప్పన్న. "సముద్రం మీద పుట్టి పెరిగాడు, పీకల్లోతు దిగమంటే వణుకుతాడు."

రత్నం ఉలి మళ్లీ అందుకుంది. ఒకటో పురి. దాని మీద రెండోది. దాని మీద మూడోది. ఒక్కో అడుగు దాటాక ఆగి, వేలితో నొక్కి, మళ్లీ లెక్కపెట్టుకుని ముందుకి జరిగింది. మధ్యాహ్నం అన్నం తెచ్చి పెట్టారు, ఎవరు తెచ్చారో చూసుకోలేదు. గుగ్గిలం ఆఖరి పూత పూసి నడుం ఎత్తేసరికి అయిదు దాటింది.

పోతురాజు ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"ఆరింటికి మూసేత్తారన్నావు కదమ్మా. కంప్యూటరు పైన పెట్టావా?"

రత్నం ఫోన్ అందుకుంది. వేళ్లకి ఉన్న గుగ్గిలం జిడ్డుకి తెర కదల్లేదు. రంపపు పొట్టు ఇంత తీసి చేతులు రుద్దుకుంది, పావడాకి తుడుచుకుంది, అప్పుడు కదిలింది. ఆ ఒడ్డున సిగ్నల్ అంతంతమాత్రం. పడవ ముక్కు మీదకి ఎక్కితేనే రెండు గీతలు వస్తాయి. ఎక్కి నిలబడింది. పొద్దున్న వేసిన బంతిపూల దండ కాళ్ల దగ్గర వాడిపోయి ఉంది.

యాభై రెండు ఆప్షన్లూ ఒకసారి పైనించి కింది దాకా చూసింది. తర్వాత అన్నిటికంటే అడుగున ఉన్నదాన్ని తీసి మొదట పెట్టింది.

"ఏం పెట్టావు?" అన్నాడు కింద నుంచి పోతురాజు.

"మెటలర్జీ నాన్నా. లోహాల చదువు."

"అదేంటే! ఇనప సామాన్ల కొట్టు పెట్టుకుంటావా ఏంటి? ఊరంతా కంప్యూటరంటంటే..."

"రాకెట్‌కి కూడా అతుకులుంటాయి నాన్నా. అవి ఎక్కడ పట్టుకుంటాయో, ఎక్కడ వదిలేస్తాయో తెలియాలి. నాకు అదే కావాలి."

"నిన్నటిదాకా ఏదో స్పేసన్నావు కదా."

"ఇప్పుడూ అదే అంటున్నాను."

పోతురాజు కూతురి మొహంలోకి చూశాడు. పొద్దున్న నలుగురిలో తల దించుకున్నవాడు. చెక్కలు కోసి కోసి అరిచేతులు కాయలు కాసిన మనిషి. ఎంత సూటిగా కోసినా రెండు చెక్కల మధ్య సందు మిగులుతుందని ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"సరే. అక్కడైనా మూడేసి పెట్టు," అన్నాడు.

ఓటీపీ వచ్చింది. ఇక మార్చడానికి వీల్లేకుండా అయిదూ నలభైకి ఫ్రీజ్ నొక్కింది.

ఏడింటికి పోటు వచ్చింది. ఇంకా వెలుతురు ఉంది. డప్పులు లేవు, కొబ్బరికాయ లేదు, మిఠాయి లేదు. దానయ్య వచ్చాడు గానీ దూరంగా తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఆరుగురూ ఒడ్డున వరసగా ఉన్నారు. రత్నం ఎవరూ చెప్పకుండానే కడుపులోకి దిగింది. పలకలు మూశారు.

దుంగలు దొర్లాయి. కుదుపు. ఆ తర్వాత నిశ్శబ్దం.

"నీళ్లున్నాయా?"

రత్నం కుడి పక్క మొదటి నుంచి చివరి దాకా తడిమింది. ఎడమ పక్క మొదటి నుంచి చివరి దాకా తడిమింది. విప్పి పూడ్చిన పన్నెండు అడుగుల దగ్గర అరిచెయ్యి ఆనించి, వంద లెక్కపెట్టేదాకా తియ్యలేదు.

"నిద్రపోయిందా ఏంటి?" అని బయట దానయ్య విసుక్కోవడం వినబడింది.

"లేవండి," అంది రత్నం.

పలకలు తీశారు. గురువుగారు లోపలికి వంగి చూశారు. చెక్కల వైపు చూడలేదు, ఆ పిల్ల మొహం వైపే చూశారు.

"ఏం రాశావు?"

"మెటలర్జీ అండి."

ఆయనకి ఆ మాట తెలియదు. అర్థం కూడా అడగలేదు.

"నువ్వు చేసినదాంట్లో నిన్ను కూకోనిత్తారా?"

రత్నం ఆలోచించింది. "కూర్చోనివ్వరండి. వేరేవాళ్లు కూర్చుంటారు."

గురువుగారు తల ఊపారు. పాయలో నీళ్లు పడవ పక్కలకి చిన్నగా తగులుతున్నాయి. ఆయన పక్కకి తప్పుకుని, ఆ పిల్లకి ఒడ్డు కనబడేలా నిలబడ్డారు.

"అయితే ఆళ్లని పిలు," అన్నారు.

రత్నం పైకి లేచి నిలబడింది. ఒడ్డున ఆరుగురూ తన వైపే చూస్తున్నారు. ఆరు పేర్లూ తెలుసు.

అందరికంటే ముందు, ఈత రాని పేర్రాజుని పిలిచింది.